ముందు పాత ఖాతాదారుకు ఫోన్ చేయండి

షేర్ మార్కెట్ పడిపోగానే ముందుగా మూగబోయేది ఏజెంట్ ఫోనే. 2008 జనవరిలో 21,000 పాయింట్లు దాటిన సెన్సెక్స్ 2009 మార్చికల్లా 8,000 దరిదాపులకు జారినప్పుడు యూనిట్ లింక్డ్ పాలసీలు, మ్యూచువల్ ఫండ్లు అమ్మిన చాలామంది ఖాతాదారుల కంటపడకుండా తిరిగారు. మన ఊళ్లలో ఏజెంట్ పరాయివాడు కాదు. బంధువో, పక్కింటి టీచరో అయి ఉంటాడు. పెళ్లి పందిట్లో ఎదురుపడి "ఏం బాబాయ్, నీ మాట విని పెట్టాం కదా" అని నిలదీస్తారేమోనన్న భయం అతనిది.

దీనికి కంపెనీల దగ్గరున్న మందు ఒక్కటే. హోటల్ హాల్లో సమావేశం, తెర మీద టార్గెట్లు, 'సంక్షోభమే అవకాశం' అంటూ ఓ వక్త, చప్పట్లు, భోజనాలు. ఆ ఉత్సాహం సోమవారం దాకా కూడా నిలవదు. ఏజెంటుకు కొరవడింది ఉత్సాహం కాదు, ఖాతాదారు అడిగే ప్రశ్నకు జవాబు.

ఆ జవాబు లెక్కల్లో ఉంది. నెలకు 1,000 రూపాయల సిప్ కట్టే వ్యక్తికి యూనిట్ ధర 50 ఉన్నప్పుడు 20 యూనిట్లు వస్తాయి. ధర 25కు పడితే 40 వస్తాయి. సరిగ్గా ఆ సమయంలోనే ఆయన కట్టడం మానేస్తాడు. 2009 మే 18న ఎన్నికల ఫలితాల తర్వాత సెన్సెక్స్ ఒక్కరోజులో 17 శాతం పెరిగింది. మార్చిలో బెదిరి బయటపడినవారికి అందులో వాటా దక్కలేదు. 2020 మార్చి 23న 3,935 పాయింట్లు కోల్పోయిన సూచీ, అదే ఏడాది నవంబర్‌లో పాత గరిష్ఠ స్థాయిని దాటేసింది. అయితే అన్నిసార్లూ ఎనిమిది నెలల్లో కోలుకుంటుందని చెబితే అది అబద్ధమే. 2008 జనవరి స్థాయిని మళ్లీ చూడటానికి 2010 నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. ఏజెంట్ ఈ రెండు కథలూ చెప్పాలి. మొదటిది మాత్రమే చెప్పేవాడు మరుసటి పతనంలో మళ్లీ ముఖం చాటేయక తప్పదు.

బీమాలో నష్టం ఇంకా సూటిగా ఉంటుంది. ఉద్యోగం పోయినవాడు ముందు కోసేసే ఖర్చు ప్రీమియమే. ఏటా కట్టే జీవిత బీమా పాలసీకి గడువు దాటాక 30 రోజులు, నెలనెలా కట్టేదానికి 15 రోజులే వెసులుబాటు. ఆ తర్వాత పాలసీ ల్యాప్స్ అవుతుంది. పునరుద్ధరించాలంటే వడ్డీతో బకాయి కట్టాలి, ఆరోగ్యం గురించి మళ్లీ రాసివ్వాలి. ఈలోగా షుగర్ బయటపడితే? ఏటా కట్టే ప్రీమియంను మూడు నెలలకోసారి కట్టేలా మార్చుకోవచ్చని, కొన్నేళ్లు కట్టిన పాలసీని తగ్గిన మొత్తానికి పెయిడప్‌గా ఉంచుకోవచ్చని చెప్పేవారు లేకే చాలా ఇళ్లు ఆ రక్షణ పోగొట్టుకుంటాయి. ఈ మాట చెబితే ఏజెంటుకు ఆ రోజు కమీషన్ రాదు. మేనేజర్ల పట్టికలోనూ ఇలాంటి ఫోన్‌కు గడి ఉండదు. అసలు లోపం అక్కడే ఉంది.

కార్యాచరణ అంటే ఏదో ఒకటి అంటగట్టడమనుకుంటే 2008 ముందరి కథ పునరావృతమవుతుంది. 'మూడేళ్లు కడితే చాలు' అని యూలిప్‌లు అమ్మిన తీరు వల్లే 2010 సెప్టెంబర్ నుంచి లాకిన్ గడువు ఐదేళ్లయింది. అంతకు ఏడాది ముందే, 2009 ఆగస్టులో, మ్యూచువల్ ఫండ్ల ఎంట్రీ లోడ్‌ను సెబీ ఎత్తేసింది. పన్ను మినహాయింపు చూపి మార్చిలో హడావుడిగా అమ్మే పాత ఒరవడి కూడా బలహీనపడింది. 2023-24 నుంచి డిఫాల్ట్‌గా ఉన్న కొత్త పన్ను విధానంలో 80సీ వర్తించదు.

కాబట్టి రేపు ఉదయం తెరవాల్సింది కొత్త పేర్ల జాబితా కాదు, ఈ నెల ప్రీమియం గడువు దాటినవారి జాబితా. రోజుకు ఐదు ఫోన్లు చాలు. వాటిలో రెండు తిట్లతోనే మొదలవుతాయి. తిట్టేవాళ్లను పూర్తిగా మాట్లాడనిచ్చాక అడగాల్సింది ఒకటే: "ఈ నెల ఎంతవరకు కట్టగలరు?"