మొదటి ఏడాది హాస్టలే మేలు

కాలేజీలు తెరిచే రోజుల్లో హైదరాబాద్‌లోని అమీర్‌పేట, కూకట్‌పల్లి సందుల్లో టు-లెట్ బోర్డులు చూసి, నలుగురు కలిసి డబుల్ బెడ్‌రూమ్ తీసుకుంటే హాస్టల్ కంటే చవకని విద్యార్థులు లెక్క వేసుకుంటారు. ఆ లెక్కలో అద్దె ఉంటుంది గానీ అడ్వాన్సు, మెయింటెనెన్స్, కరెంటు బిల్లు, గ్యాస్ సిలిండర్, వాటర్ క్యాన్లు ఉండవు. అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకు రాసుకుంటారు. సెలవుల్లో గదికి తాళం వేసినా అద్దె ఆగదు. మధ్యలో ఒకరు ఖాళీ చేస్తే ఆ వాటా మిగతా ముగ్గురి నెత్తిన పడుతుంది. అంట్లు తోమే వంతుల మీద తగాదాలు సరేసరి. ఎవరితో కలిసి ఉండగలమో తెలియడానికే ఒక ఏడాది పడుతుంది కాబట్టి, మొదటి ఏడాదికి నా ఓటు కాలేజీ హాస్టల్‌కే.

ర్యాగింగ్ సంగతేమిటంటారా? ఆ భయం న్యాయమైనదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే నిషేధ చట్టం తెచ్చింది. కొత్తవాళ్లను వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలని యూజీసీ 2009 నిబంధనలు చెబుతున్నాయి. ఆ బ్లాకు ఉందో లేదో ఫీజు కట్టకముందే అడగాలి. హాస్టల్ మెస్‌లో పోసే నీళ్ల సాంబారుకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. అసలు బలమైన అభ్యంతరం ఆడపిల్లలది. చాలాచోట్ల అబ్బాయిల గేటు తెరిచి ఉండగానే వాళ్ల గేటుకు తాళం పడుతుంది, లైబ్రరీలో దీపాలు వెలుగుతున్నా సరే. ఆ వేళలు మార్చాల్సింది యాజమాన్యం. కుదరదంటే మాత్రం, అమ్మాయిలు మొదటి ఏడాదే గది చూసుకున్నా నేను తప్పుపట్టను.