పూచీ మనకేనా?

దక్షిణ అమెరికాలో చిలీ అనే దేశముంది. 2010లో అక్కడి సర్కారు, కార్ఫో అనే తన సంస్థ ద్వారా, ‘స్టార్టప్ చిలీ’ పథకం పెట్టింది. ఏ దేశపోడైనా సరే, కొత్త టెక్నాలజీ కంపెనీ ఆలోచనతో వచ్చి ఆరు నెలలుంటే ఏడాది వీసా, 40 వేల డాలర్లు ఇచ్చింది. అప్పు కాదు, కంపెనీలో వాటా అడగలేదు. స్థానికులకు నాలుగు ముక్కలు నేర్పమంది, అంతే. డబ్బయ్యాక చాలామంది మూటాముల్లె సర్దుకున్నారు. 2011లో అదే చిలీ విద్యార్థులు ఉచిత చదువు కోసం నెలల తరబడి వీధుల్లో నిలబడ్డారు.

పథకం తప్పని మేం అనం. ఆస్తి చూడకుండా ఆలోచన చూసి నమ్మడం మంచి పనే. ఆ నమ్మకం విమానం దిగినోడికేనా అన్నదే మా పేచీ.

మన దగ్గర 2016లో ‘స్టాండప్ ఇండియా’ వచ్చింది. ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీకో ఎస్టీకో, అలాగే కనీసం ఒక మహిళకూ 10 లక్షల నుంచి కోటి దాకా ఇవ్వాలన్నారు. అదీ అప్పే! నా దగ్గర చదువుకున్న కుర్రాడు కాగితాలు పట్టుకుపోతే మేనేజరు మొదట అడిగింది: "పొలం ఎన్నెకరాలు?" తాత పాలేరు, తండ్రి పాలేరు. పొలం ఎక్కణ్ణుంచి వస్తది సారూ?

ఇలా తిరిగినోళ్లు మీ వాడలో ఉంటే, ఏ తేదీన పోయారో, ఏం జవాబొచ్చిందో రాసి పంపండి. వచ్చే సంచికలో అచ్చేస్తాం.