మూడో తరగతే మూలమలుపు

నవీపేట్: నిజామాబాద్ నుంచి బాసర వెళ్లే దారిలో, నవీపేట్ మండలంలోని యంచ వద్ద గోదావరి వంతెన దాటితే జ్ఞాన సరస్వతి ఆలయం. ఏటా వేలాది మంది చిన్నారులు తల్లిదండ్రుల ఒడిలో కూర్చుని అక్కడే తొలి అక్షరం దిద్దుకుంటారు. వసంత పంచమి నాటి రద్దీ సంగతి వేరే చెప్పనక్కర లేదు. అక్షరాభ్యాసానికి ఇంతటి ప్రాధాన్యం ఇస్తున్న మనం ఆ తర్వాతి మెట్టును పట్టించుకుంటున్నామా? పలకపై దిద్దిన అక్షరం పదమై, వాక్యమై, అర్థమై పిల్లల సొంతం కావాల్సింది ఒకటి నుంచి మూడు తరగతుల మధ్యనే. మూడో తరగతి గది జూన్ నుంచి దసరా సెలవుల వరకు ఏం నేర్చుకోనుందన్నది అందుకే ప్రతి ఇంటికీ పట్టాల్సిన విషయం.

పుస్తకం కోరుతున్నదేమిటి?

రెండో తరగతి వరకు తెలుగు, ఆంగ్లం, గణితం మాత్రమే ఉంటాయి. మూడో తరగతితో పరిసరాల విజ్ఞానం నాలుగో సబ్జెక్టుగా తోడవుతుంది. కుటుంబం, ఆహారం, నీరు, మొక్కలు, జంతువులు, ఊరు వంటి అంశాలను పిల్లలు ఇక చదివి తెలుసుకోవాలి. తెలుగులో పేరాలు చదివి ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు రాయాలి. గణితంలో పెద్ద సంఖ్యల కూడికలు, తీసివేతల మీదుగా గుణకారానికి, భాగహారానికి చేరుకోవాలి.

ఇక్కడొక మార్పును గమనించాలి. మొదటి రెండేళ్లు పిల్లలు చదవడం నేర్చుకుంటారు. మూడో ఏట నుంచి చదివి నేర్చుకుంటారు. పాఠ్యపుస్తకం ఈ మార్పు జరిగిపోయిందన్న నమ్మకంతోనే మొదలవుతుంది. చదవడం రాని చిన్నారికి నాలుగు పుస్తకాలూ ఒక్కసారిగా మూసుకుపోతాయి. గణితంలో లెక్క వచ్చినా ప్రశ్న చదవలేక తప్పుతారు. పరిసరాల విజ్ఞానంలో విషయం తెలిసినా పాఠం అందదు.

లెక్కలు చెబుతున్న నిజం

గ్రామీణ బాలల చదువులపై 2024 సంవత్సరానికి వెలువడిన ‘అసర్’ నివేదిక ప్రకారం, దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతమే. 2018లో ఇది 20.9 శాతం. కరోనా కాలంలో బడులు మూతపడిన తర్వాత, 2022లో 16.3 శాతానికి పడిపోయింది. ఆ నష్టం నుంచి తేరుకుని కొంత ముందుకు సాగడం ఊరటే. అయినా నలుగురిలో ముగ్గురు పిల్లలు తమ కింది తరగతి పుస్తకాన్నే చదవలేని స్థితిలో ఉన్నారన్నది కాదనలేని వాస్తవం.

ఈ స్థితిని మార్చేందుకే కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న ‘నిపుణ్ భారత్’ను ప్రారంభించింది. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, మౌలిక గణితం రావాలన్నది లక్ష్యం. మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. 9,999 వరకు సంఖ్యలు చదవాలి, రాయాలి. తేలికపాటి గుణకారం చేయాలి. రాష్ట్రంలో 2022 ఆగస్టు 15న ఒకటి నుంచి ఐదు తరగతులకు ‘తొలిమెట్టు’ మొదలైంది. పిల్లల స్థాయిని ముందుగా తెలుసుకుని, నేర్పినదాన్ని ఎప్పటికప్పుడు పరిశీలించుకుంటూ సాగాలన్నది దాని సారాంశం.

‘అమ్మ’ రాయడం తేలిక కాదు

తెలుగు లిపికి తనదైన క్రమం ఉంది. ‘తల’, ‘వల’, ‘పడవ’ వంటి సరళ పదాలు ముందు వస్తాయి. ఆ తర్వాత గుణింతాలు, చివరికి ఒత్తులు. బిడ్డ నోట వెలువడే తొలి మాట ‘అమ్మ’. రాతలో మాత్రం అది ద్విత్వాక్షరం ఉన్న పదం. ప, వ, ష అక్షరాల మధ్య, మ, య అక్షరాల మధ్య తడబడే పిల్లలు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. గుణింతం దగ్గర ఆగిపోయిన విద్యార్థి చేతిలో మూడో తరగతి పాఠం పెట్టి పదిసార్లు చదివించినా ఫలితం శూన్యం. అతడు చదవడు, కంఠస్థం చేసి అప్పగిస్తాడు. ధారాళంగా అప్పగిస్తున్న పిల్లవాణ్ని చూసి చదువు వచ్చేసిందని పెద్దలు పొరబడుతుంటారు.

నిమిషానికి ఇన్ని పదాలన్న కొలమానాన్ని కూడా విచక్షణతో వాడాలి. తెలుగులో విభక్తులు, క్రియా ప్రత్యయాలు పదంలోనే కలిసిపోతాయి. ‘ఇంట్లోంచి’ అన్న ఒక్క మాటకు హిందీలో మూడు మాటలు కావాలి. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2022 మార్చిలో మూడో తరగతి పిల్లలపై జరిపిన అధ్యయనాన్ని 20 భాషల్లో నిర్వహించడానికి కారణం ఇదే. వేగం కన్నా అర్థానికే పెద్దపీట వేయాలి.

సరిహద్దు మండలం.. బహుభాషా తరగతి

మహారాష్ట్రను ఆనుకుని ఉన్న బోధన్ ప్రాంతంలో ఇంటి భాషలు అనేకం. తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ వినిపిస్తాయి. తండాల్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగు ఇళ్లలోనూ పిల్లవాడు ‘నేను పోతున్న’ అంటే పుస్తకం ‘నేను వెళ్తున్నాను’ అంటుంది. ఇంటి మాటను తప్పుగా ఎంచి దిద్దితే పిల్లవాడి నోరు మూతపడుతుంది. ఇంటి మాటను ఆసరా చేసుకుని పుస్తకం మాటకు నడిపించాలి.

అంకెల విషయంలోనూ ఇదే చిక్కు. తెలుగులో ‘ఇరవై ఐదు’ అంటే పదుల స్థానం ముందు, ఒకట్ల స్థానం తర్వాత పలుకుతాం. రాసే క్రమమూ అదే. మరాఠీలో ‘పంచవీస్’, ఉర్దూలో ‘పచ్చీస్’ అన్నప్పుడు ఐదు ముందు వినిపిస్తుంది. ఆ ఇళ్ల నుంచి వచ్చిన చిన్నారి 25ను 52గా రాస్తే అది మందబుద్ధి కాదు. విన్న క్రమంలో రాశాడంతే.

స్థాన విలువ తెలియకుంటే ఏమవుతుందో నవీపేట్ మేకల సంత లెక్కతోనే చూడవచ్చు. సంతకు 52 మేకలు తెచ్చిన వ్యక్తి 27 అమ్మితే మిగిలేవి ఎన్ని? చాలామంది పిల్లలు ఏడులోంచి రెండు తీసి ఐదు, ఐదులోంచి రెండు తీసి మూడు అని, జవాబు 35గా రాస్తారు. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయడమే తీసివేత అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటిది. పది పుల్లలను ఒక కట్టగా కట్టి, ఆ కట్టను విప్పి చూపితే 25 ఎలా వచ్చిందో వారికే బోధపడుతుంది. పుస్తకంలో పది పేజీల సాధన కన్నా ఇది మేలు.

2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టి, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఆంగ్లంగా ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. తెలుగు పేజీ చదవగలిగిన వారికి ఎదుటి పేజీ అందుబాటులోకి వస్తుంది. అది చదవలేని వారికి రెండు పేజీలూ ఒకటే.

ఇద్దరు ఉపాధ్యాయులు, పద్దెనిమిది పాఠాలు

విద్యా హక్కు చట్టం-2009 ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మిగిలిన మూడింటికి నాలుగేసి. మొత్తం 18. ఒక్కో ఉపాధ్యాయుడి వంతుకు తొమ్మిది. అదే చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు నిర్దేశించింది. అంటే రోజుకు నాలుగు గంటలు. వాటిని తొమ్మిదికి పంచితే ఒక్కో పాఠానికి అరగంట కూడా దక్కదు. ఒకరు సెలవు పెట్టినా, సమావేశానికి వెళ్లినా అదీ ఉండదు.

తొలి అర్ధ సంవత్సరం వానాకాలంతో ముడిపడి ఉంటుంది. నాట్ల వేళ తల్లిదండ్రులు తెల్లవారకముందే పొలం బాట పడతారు. చెల్లినో తమ్ముణ్నో చూసుకునే బాధ్యత మూడో తరగతి బిడ్డపై పడుతుంది. గోదావరి తీర గ్రామాలకు వరద రోజుల ఇబ్బంది ఉండనే ఉంది. ఇన్ని పరిమితుల నడుమ పాఠాల సంఖ్య పూర్తిచేయడమే గురి అయితే, వెనుకబడినవారు వెనుకే మిగిలిపోతారు. మూడో తరగతిలో ఎవరినీ నిలిపివేయరు గనుక ఆ లోటు నాలుగుకు, ఐదుకు మోసుకెళతారు.

కాబట్టి తొలి రెండు నెలలు గుణింతాలు, ఒత్తులు, స్థాన విలువలను స్థిరపరచడానికి వెచ్చించడం కాలహరణం కాదు. ఆ పునాది పడ్డాక మిగిలిన పాఠాలు వేగంగా సాగుతాయి. తరగతులవారీగా కాక స్థాయినిబట్టి రోజూ కొంతసేపు పిల్లలను కూర్చోబెడితే ఇద్దరు ఉపాధ్యాయులున్న బడిలోనూ ఇది సాధ్యమే. పర్యవేక్షణకు వచ్చే అధికారులు సైతం ఎన్ని పాఠాలు అయ్యాయన్న ప్రశ్నకు ముందు ఎందరు చదువుతున్నారన్న ప్రశ్న వేయాలి.

తల్లిదండ్రులు చూడదగినవి

ఇందుకు తల్లిదండ్రులు చదువుకున్నవారే కానక్కర లేదు. బిడ్డకు కొత్త పేజీ ఇచ్చి చదవమనాలి. వేలు పెట్టి పదం వెంట పదం చదువుతున్నాడా, చూడకుండా అప్పగిస్తున్నాడా అన్నది తెలిసిపోతుంది. చదివాక అందులో ఏముందో ఇంటి మాటల్లో చెప్పమనాలి. కిరాణా దుకాణం నుంచి తెచ్చిన సరుకుల లెక్క, మిగిలిన చిల్లర లెక్క అడగాలి. ఈ మూడింటిలో ఎక్కడ తడబడినా దసరా వరకు ఆగకుండా ఉపాధ్యాయుడిని కలవాలి.

2024లో ఏర్పాటైన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మహిళా సంఘాల సభ్యులకు చోటు దక్కింది. మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల ముచ్చటతో పాటు మూడో తరగతిలో ఎందరికి చదవడం వచ్చిందన్నదీ తల్లుల చర్చకు రావాలి.

బాసరలోనే 2008లో రాజీవ్ గాంధీ సాంకేతిక విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. పదో తరగతి ప్రతిభ ఆధారంగా గ్రామీణ విద్యార్థులకు సాంకేతిక విద్య అందించడం దాని ధ్యేయం. ఒకే ఊళ్లో ఒకచోట తొలి అక్షరం, మరోచోట ఇంజినీరింగ్ పట్టా. ఈ రెండింటి మధ్య దారి మన ఊరి బడిలోని మూడో తరగతి గది గుండానే వెళుతుంది. అక్కడ ఏ బిడ్డా ఆగిపోకుండా చూడాల్సిన బాధ్యత ఉపాధ్యాయులతో పాటు అధికారులపైనా, తల్లిదండ్రులపైనా ఉంది.