బీరువాలో భాష, బడిలో భాష

ఆస్ట్రేలియాలో ఇప్పుడు అడిలైడ్ నగరమున్న మైదానం కౌర్నా ప్రజలది. 1836 డిసెంబరులో అక్కడ బ్రిటిష్ వలస వెలిసింది. రెండేళ్లకు ష్యూర్మన్, టైకెల్మన్ అనే ఇద్దరు జర్మన్ మిషనరీలు ఓడ దిగారు. వచ్చింది మతప్రచారానికే అయినా, ముందు ఆ జనం మాట నేర్చుకోవడానికి కూర్చున్నారు. ముల్లవిర్రబుర్క, కడ్లిట్పిన్న, ఇట్యమయిట్పిన్న వంటి పెద్దలు వాళ్లకు గురువులయ్యారు. 1840లో వ్యాకరణం, రెండు వేల దాకా మాటలు, వాడుక వాక్యాలతో పుస్తకం అచ్చయింది. కర్తలుగా మిషనరీల పేర్లే ఉన్నా, చెప్పిన పెద్దలకూ ఆ కర్తృత్వంలో సగం వాటా ఉందని నేను నమ్ముతాను.

ఆ పుస్తకం కన్నా విలువైన పని ఇంకొకటి జరిగింది. 1839 చివర్లో నది ఒడ్డున పిల్టవొడ్లి అనేచోట వాళ్లు బడి తెరిచారు. పాఠాలు కౌర్నాలోనే. చదువుకున్న పిల్లలు తమ భాషలో జర్మనీకి ఉత్తరాలు కూడా రాశారు. ఆరేళ్లయినా నిండకుండా, 1845లో, ఆ బడి మూతపడింది. పిల్లల్ని ఇంగ్లిష్ మాత్రమే నేర్పే సర్కారు బడికి తరలించారు.

అప్పటి గవర్నరు జార్జ్ గ్రే. భాషలంటే గిట్టని మనిషి కాదు. దేశదేశాల భాషల రాతప్రతులు ఏరి కూర్చినవాడు. ఆయన దక్షిణాఫ్రికాలో కేప్ కాలనీ గవర్నరుగా ఉండగా, 1857లో టైకెల్మన్ తన కౌర్నా నిఘంటువు రాతప్రతిని ఆయనకే పంపించాడు. అది కేప్‌టౌన్ గ్రంథాలయానికి చేరింది. ఎవరి హయాంలో ఆ భాషకు బడి లేకుండా పోయిందో, ఆయన బీరువాలోనే ఆ భాష నిఘంటువు పదిలంగా ఉంది! నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. భాషను సేకరించి దాచుకునే మోజు ఉన్నంత మాత్రాన, దాన్ని మాట్లాడే పిల్లల మీద ప్రేమ ఉన్నట్టు కాదు.

ఇట్యమయిట్పిన్న కూతురు ఇవరిట్జి 1929లో కన్నుమూసింది. పుట్టుకతో కౌర్నా వచ్చినవాళ్లలో ఆమే ఆఖరని చెబుతారు. ఇంటింటా ఆ భాష పలికిన రోజుల్లో ఎవరి గొంతూ రికార్డు కాలేదు. అరవై ఏళ్ల తర్వాత వారసులు మళ్లీ మొదలుపెట్టేసరికి చేతిలో ఉన్నవి కాగితాలే. ఉచ్చారణ కోసం ఇంకా బతికున్న చుట్టపు భాష అడ్న్యమతన వైపు చూడాల్సి వచ్చింది. 1990లో పాటలు కట్టారు. తర్వాత బళ్లో పాఠాలు పెట్టారు. 2002లో పెద్దలు లూయిస్ ఓబ్రయన్, అలిట్య రిగ్నీ, భాషాశాస్త్రవేత్త రాబ్ అమెరీ కలిసి 'కౌర్నా వర్ర పింట్యంటి' అనే బృందాన్ని నిలబెట్టారు.

వాళ్లు నిలబెట్టుకున్న ఆచారాల్లో ఒకటి పేర్లది. మనం ఇంట్లో పెద్దోడు, నడిపోడు అన్నట్టే, కౌర్నాలో పుట్టిన వరసే పేరు: మొదటి ఆడపిల్ల కర్తన్య, రెండోది వరుయు, మూడోది కుడ్నర్తు. 1848లో ఒక ఇంగ్లిష్ గొర్రెలకాపరిని పెళ్లాడిన కుడ్నర్తు కథ అక్కడ అందరికీ తెలుసు. సర్కారు ఆమె పేర కొంత భూమి ఇచ్చింది. 1855లో ఆమె చనిపోగానే వెనక్కి తీసేసుకుంది. ఇద్దరు కొడుకుల్ని మిషన్‌కు పంపేశారు. ఓబ్రయన్ ఆమె వంశంవాడే. ఆ వరస పేర్లు ఇప్పుడు మళ్లీ పెడుతున్నారు. చావు దగ్గర పలకాల్సిన మాటలకు 2006లో పుస్తకం వచ్చింది. నగరంలో పార్కులకు కౌర్నా పేర్లున్నాయి. ఎవరైనా దేనికైనా కౌర్నా పేరు పెట్టాలంటే ఆ బృందాన్ని అడుగుతారు. ఈ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, భాష ఎవరిదో తేల్చేది అదే.

భాషను నేర్చి, దాన్ని మాట్లాడే పిల్లల బడికి చేర్చే పద్ధతి తెలుగువాళ్లకు కొత్త కాకూడదు. గిడుగు రామమూర్తి సవరల మాట నేర్చి, వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. అంతకన్నా ముందే ఆ పిల్లలకు వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు నడిపారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ వేదికల మీద సవర మాట ఒక్కటైనా వినిపిస్తోందా?

సవర, కోయ, గోండి, కొలామి భాషల్లో రాసేవాళ్ల రచనలు వాళ్ల భాషలోనే, వాళ్లు కోరిన లిపిలో, పక్కన తెలుగు తాత్పర్యంతో అచ్చువేయాలని ఈ పత్రిక సంకల్పించింది. ఏ పాట బయటికి రావచ్చో, ఏది ఊరి జాతరకే పరిమితం కావాలో చెప్పాల్సింది వాళ్లే. వద్దన్నది వేయం. వేసిన ప్రతి సంచికా ముందు ఆ ఊళ్ల బళ్లకు పంపుతాం.