చవక ల్యాప్‌టాప్: చీటీలో లేని ఖర్చులు

జంషెడ్‌పూర్: కళాశాలల్లో ప్రవేశాలు ముగిసే సమయానికి ఈ ఉక్కు నగరంలోని సాక్చి, బిష్టుపూర్ బజార్లలో కంప్యూటర్ దుకాణాల ముందు నిలబడే కొనుగోలుదారులలో అత్యధికులు నిపుణులు కారు. కర్మాగారంలోనో, ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోని ఏదో ఒక చిన్న యూనిట్‌లోనో పనిచేసే తండ్రి. ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో కొత్తగా చేరిన బిడ్డ. చేతిలో పాతిక వేల నుంచి ముప్పై అయిదు వేల రూపాయలు. ఆ సొమ్ము కాంట్రాక్టు కార్మికుని ఇంట రెండు నెలల జీతమైనా కావచ్చు, బోనస్ డబ్బయినా కావచ్చు. దానితో కొనే యంత్రం కనీసం నాలుగేళ్లు, అంటే చదువు ముగిసే వరకూ పనిచేయాలి. ఈ లెక్కలో పొరపాటు జరిగితే దిద్దుకునే స్తోమత ఆ ఇంటికి ఉండదు.

వార్తా సంస్థల నుంచి వచ్చే ఆంగ్ల వార్తలలో 'బడ్జెట్ ల్యాప్‌టాప్' అన్న మాట తరచు తగులుతూనే ఉంటుంది. దానిని 'అందుబాటు ధర ల్యాప్‌టాప్' అని తెనిగించడం డెస్కులలో అలవాటు. ఎవరికి అందుబాటు అన్న ప్రశ్న ఆ అనువాదంలో జారిపోతుంది. తయారీదారు దృష్టిలో బడ్జెట్ అంటే తక్కువ ఖర్చుతో తయారైనదని అర్థం. కొనుగోలుదారు దృష్టిలో అదే మాటకు తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం మన్నేదని అర్థం. ఈ రెండూ ఒకటి కావు. ఒక్కొక్కప్పుడు పరస్పర విరుద్ధం కూడా.

చవక కంప్యూటర్ కోసం ఈ దేశం కన్న కలలకు కొదవ లేదు. బెంగళూరు శాస్త్రవేత్తల సింప్యూటర్ 2000వ దశకం ఆరంభంలో ఆశలు రేపి అంతలోనే మరుగున పడింది. వంద డాలర్ల ల్యాప్‌టాప్ అంటూ నికొలస్ నెగ్రొపాంటె ప్రతిపాదించిన పథకాన్ని మన మానవ వనరుల మంత్రిత్వ శాఖ 2006లో తోసిపుచ్చింది. ఆ యంత్రం ధర ఏనాడూ వంద డాలర్లకు దిగిరాలేదన్నది వేరే సంగతి. 2011 అక్టోబర్‌లో కపిల్ సిబాల్ ఆర్భాటంగా ఆవిష్కరించిన ఆకాశ్ ట్యాబ్లెట్‌కు ప్రభుత్వం చెల్లించిన ధర రూ.2,276. అందులో 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల మెమరీ మాత్రమే ఉన్నాయి. విద్యార్థులకు దానితో ఒరిగినదేమిటో తెలియనిది కాదు. ధరను ముందుగా నిర్ణయించి, యంత్రాన్ని ఆ ధరకు తగ్గట్టు కుదించిన ప్రతి ప్రయత్నమూ ఇలాగే ముగిసింది. దుకాణాలలో నేడు కనిపించే అతి చవక ల్యాప్‌టాప్‌లు సైతం ఇదే సూత్రానికి పుట్టినవేనని చెప్పక తప్పదు.

పేరులో కొత్త, లోపల పాత

ముందుగా ప్రాసెసర్ సంగతి చూద్దాం. వినియోగదారుడు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మోసమంటే చట్టానికి చిక్కే మోసం కాదు. పేర్లతో కలిగే భ్రమ. ఏఎండీ సంస్థ 7,000 వరుసలో విడుదల చేసిన 'రైజెన్ 3 7320యు'ను చూసిన వారు అది సరికొత్త చిప్ అనుకోవడం సహజం. వాస్తవానికి దాని లోపలి నిర్మాణం 2019లో వచ్చిన 'జెన్ 2' తరానిది. అదే వరుసలోని '7330యు' ఆ తరువాతి తరమైన 'జెన్ 3'కు చెందినది. తేడా అంతా మూడవ అంకెలోనే ఉంది. సంఖ్యలో మూడవ అంకె నిర్మాణ తరాన్ని సూచిస్తుందని కంపెనీ స్వయంగా ప్రకటించింది. అయితే ఈ సంగతి దుకాణంలో అమ్మే కుర్రవానికి తెలిసి ఉంటుందా అన్నది సందేహమే. ఇంటెల్ సంగతీ ఇంతకంటె మెరుగు కాదు. సెలెరాన్ ఎన్4020 వంటి రెండు కోర్ల చిప్‌తో వచ్చిన యంత్రాలు చూడడానికి ముచ్చటగా ఉంటాయి. ఒక వీడియో పాఠం, పక్కనే ఒక వర్డ్ ఫైలు, నాలుగు వెబ్ పేజీలు తెరిచేసరికి చతికిలబడతాయి. అదే సంస్థ 2022లో తెచ్చిన ఐ3-1215యులో ఆరు కోర్లు ఉన్నాయి. నిత్యవసరాలకు ఆ స్థాయి చాలు. అంతకు మించి ఖర్చు పెట్టవలసిన అగత్యం సామాన్య విద్యార్థికి లేదు.

మెమరీ విషయంలో దుకాణదారు అడగకుండా చెప్పని సంగతి ఒకటున్నది. చవక యంత్రాలలో చాలావాటికి మెమరీ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. పైన చెప్పిన 7320యు యంత్రాలన్నీ ఆ కోవలోనివే. ఎనిమిది గిగాబైట్లతో కొంటే జీవితాంతం ఎనిమిదే. ఒక స్లాట్ ఖాళీగా ఉన్న యంత్రమైతే రెండేళ్ల తరువాత చేతిలో డబ్బు ఆడినప్పుడు మరో ఎనిమిది చేర్చుకోవచ్చు. విడతలవారీగా ఇల్లు కట్టుకునే మధ్యతరగతి మనిషికి ఈ సౌలభ్యం విలువ వేరుగా చెప్పనక్కరలేదు. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నెలల నుంచి ప్రపంచ విపణిలో మెమరీ ధరలు మండిపోయిన నేపథ్యంలో ఈ ప్రశ్నకు ప్రాముఖ్యం మరింత పెరిగింది. ధర పెంచలేని తయారీదారు మెమరీ తగ్గించి అదే ధరకు అమ్మజూడడం వ్యాపార ధర్మమే. కనుక నాలుగు గిగాబైట్ల విండోస్ యంత్రాన్ని ఎంత చవకకు ఇచ్చినా కొనరాదన్నది ఈ రచయిత అభిప్రాయం.

నిల్వ విషయమూ అంతే. 'ఇఎంఎంసి' అని చీటీలో రాసి ఉంటే అది ఎస్‌ఎస్‌డి కాదని గ్రహించాలి. అందులోనూ 64 గిగాబైట్లయితే విండోస్, దాని సవరణలు ఆక్రమించగా మిగిలేది బహు స్వల్పం. ఏడాది తిరిగేసరికి సవరణలకు చోటు చాలదు. దానిని మార్చడానికీ వీలుండదు. జియో సంస్థ 2023 జులైలో రూ.16,499కి విడుదల చేసిన జియోబుక్‌లో నాలుగు గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల ఇఎంఎంసి ఉన్నాయి. అయితే అది విండోస్ యంత్రం కాదు. ఆండ్రాయిడ్ ఆధారిత వ్యవస్థతో, సిమ్ సదుపాయంతో వచ్చింది. స్కూలు పిల్లవానికి సరిపోవచ్చునేమో కాని, కళాశాలలో చెప్పే విండోస్ సాఫ్ట్‌వేర్ కావలసిన వారికి అక్కరకు రాదు.

నదికి ఇవతల, అవతల

బ్యాటరీ సామర్థ్యానికి జంషెడ్‌పూర్‌లో ఇచ్చే ప్రాధాన్యం వాడవాడకూ మారుతుంది. ఈ నగరానికి విద్యుత్తు ఒకే చోటు నుంచి రాదు. బిష్టుపూర్, కద్మా, సోనారీ వంటి కంపెనీ వాడలకు టాటా స్టీల్ అనుబంధ సంస్థ (మునుపటి జుస్కో) సరఫరా చేస్తుంది. సువర్ణరేఖ దాటి మాంగోకు వెళితే అక్కడ రాష్ట్ర ప్రభుత్వ జార్ఖండ్ బిజిలీ వితరణ్ నిగమ్ సరఫరా. టాటానగర్ స్టేషన్ ఆవలి బాగ్‌బేడాలోనూ అదే పరిస్థితి. క్వార్టర్‌లో పెరిగిన పిల్లలకు కోత అంటే వార్తే. తండ్రి పదవీ విరమణ చేసి క్వార్టర్ ఖాళీ చేశాక, నది అవతల సొంత ఇల్లు కట్టుకున్న కుటుంబానికి అది దినచర్య. ఒకే ఊరిలో, ఒకే ధరకు కొన్న ఒకే యంత్రం ఒక ఇంట అయిదేళ్లు నిశ్చింతగా నడుస్తుంది. మరో ఇంట బ్యాటరీ నీరసించగానే పరీక్షల వేళ ప్రాణం తీస్తుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ లిథియం బ్యాటరీల ఆయుష్షును మరికొంత హరిస్తుంది. 'పది గంటల వరకు' అని ప్రకటనలలో కనిపించే మాటలో 'వరకు' అన్న పదాన్నే పట్టుకుని చూడాలి. బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు, మార్చవలసి వస్తే ఎంత, ఊళ్లో దొరుకుతుందా, కోల్‌కతా నుంచి రప్పించాలా అని బేరం ఆడే ముందే అడగడం మేలు.

ఈ నగరంలోని తెలుగువారికి మరో అవసరం ఉన్నది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తరాల క్రితం వచ్చి స్థిరపడినవారి సంతతి నేడు ఇంట తెలుగు మాట్లాడుతున్నది. చదువు మాత్రం హిందీ, ఆంగ్ల మాధ్యమాలలో సాగుతున్నది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వంటి చోట్ల ఉత్సవ ప్రకటన రాయాలన్నా, స్వగ్రామంలోని బంధువుకు నాలుగు ముక్కలు రాయాలన్నా తెలుగు టైపింగ్ కావాలి. ఇందుకు ఎవరికీ ప్రత్యేకంగా డబ్బు చెల్లించనక్కరలేదు. ఉచ్చారణ ప్రకారం ఆంగ్ల మీటలతోనే తెలుగు రాసే కీబోర్డు 2019 నుంచి విండోస్‌లోనే ఇమిడి ఉన్నది. పాతకాలపు డీటీపీ ఫాంట్లను 'తెలుగు సాఫ్ట్‌వేర్' పేరుతో అదనంగా అంటగట్టేవారుంటే నిరాకరించవచ్చు.

కొత్తది కొనలేనివారు పాతదానివైపు చూడడం తప్పేమీ కాదు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలించుకునే వ్యాపార తరగతి ల్యాప్‌టాప్‌లు కట్టుదిట్టంగా ఉంటాయి. అదే ధరకు దొరికే కొత్త ప్లాస్టిక్ యంత్రం కంటె అనేక సందర్భాలలో మేలైనవి కూడా. కాని ఇక్కడొక గోతి ఉన్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11ను అధికారికంగా నడపాలంటే ఇంటెల్ చిప్ ఎనిమిదవ తరానిదో, ఆ తరువాతిదో కావాలి. ఆరవ, ఏడవ తరం యంత్రాలు పనికిరాక కార్యాలయాల నుంచి బయటపడితే అవి చేరేది ఇటువంటి బజార్లకే. ఐ5 అన్న ముద్ర చూసి మురిసిపోకుండా, దాని తరువాతి సంఖ్య ఎనిమిదవ తరాన్నో, ఆ తరువాతి తరాన్నో సూచిస్తున్నదా అని చూసుకోవాలి. ఏడవ తరమే ఇంట ఉన్నవారు దానిని పారేయనవసరం లేదు. లినక్స్ వేసుకుంటే చదువుకూ ఉత్తరాలకూ చాలినంత జీవం అందులో మిగిలే ఉంటుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తున్నాయి. తెలుగులో లినక్స్‌ను తీర్చిదిద్దే పనిని హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ చాలాకాలం క్రితమే తలకెత్తుకున్నది.

ఇక డబ్బు చెల్లించే దగ్గరకు వద్దాం. ల్యాప్‌టాప్‌పై వస్తు సేవల పన్ను 18 శాతం. రూ.30,000 చెల్లిస్తే అందులో సుమారు రూ.4,576 పన్నే. వ్యాపారి తన కార్యాలయానికి కొంటే ఆ మొత్తాన్ని తాను కట్టవలసిన పన్నులో మినహాయించుకోగలడు. విద్యార్థి తండ్రికి ఆ సౌకర్యం లేదు. ఒకే యంత్రం లాభం గడించేవానికి చవకగానూ, చదువుకునేవానికి ప్రియంగానూ పడుతున్నదన్నమాట. 2025 సెప్టెంబర్‌లో జరిగిన పన్ను శ్లాబుల సవరణలో టెలివిజన్లపై రేటు 28 నుంచి 18 శాతానికి దిగింది. ల్యాప్‌టాప్ రేటు ఉన్నచోటనే ఉన్నది. వినోద సాధనమూ, విద్యా సాధనమూ ఒకే గాట కట్టబడడం ఏ ఆర్థికవేత్త సమర్థిస్తాడో తెలియదు.

'నో కాస్ట్ ఇఎంఐ' మరో మాయ. సున్నా వడ్డీ పథకాలను రిజర్వు బ్యాంకు 2013లోనే నిషేధించింది. ఇప్పుడు జరుగుతున్నది వడ్డీని తగ్గింపుగా చూపి సర్దడమే. ఆ వడ్డీపై 18 శాతం పన్ను మాత్రం కార్డుదారుడే కట్టాలి. వడ్డీ భాగం రూ.2,000 అయితే పన్ను రూ.360, ప్రాసెసింగ్ రుసుం దీనికి అదనం. పెద్ద మొత్తం కాకపోవచ్చు, కాని ఖర్చు లేదన్న మాట అబద్ధమవుతున్నది. నగదు ఇచ్చేవారు ఆ తగ్గింపు తమకెందుకు ఇవ్వరని అడిగి తీరాలి. బిల్లు లేకుండా కొంత తగ్గిస్తామంటే ఒప్పుకోరాదు. బిల్లు చేతిలో ఉంటేనే వారంటీ, అది ఉంటేనే జిల్లా వినియోగదారుల కమిషన్. అయిదు లక్షల రూపాయల లోపు వివాదాలకు అక్కడ రుసుం లేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయడానికీ ఖర్చు లేదు.

ప్రభుత్వం దృష్టి మాత్రం కొనేవానికంటె తయారుచేసేవానిపైనే అధికంగా ఉన్నట్లు కనిపిస్తున్నది. 1997 నాటి సమాచార సాంకేతిక ఒప్పందం ఫలితంగా కంప్యూటర్లపై దిగుమతి సుంకం క్రమేణా అంతరించింది. దేశీయ తయారీని పెంచేందుకు 2023 మే నెలలో రూ.17,000 కోట్ల ప్రోత్సాహక పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అదే ఏడాది ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అంటూ హఠాత్తుగా ఉత్తర్వు జారీ అయింది. మరునాడే వాయిదా పడింది. చివరకు దిగుమతి అనుమతుల విధానంగా మెత్తబడింది. ఉక్కునూ లారీలనూ దేశమంతటికీ పంపే ఈ ఊరి ప్రజలకు స్వదేశీ తయారీ విలువ ఎవరూ బోధించనక్కరలేదు. కాని ఆ చర్చలో ఎక్కడా పెట్టె మీద ఏమి రాయాలన్న ప్రస్తావన రాలేదు.

రాయవలసినవి మూడే. చిప్ నిర్మాణం ఏ సంవత్సరానిది, మెమరీ పెంచుకోవచ్చునా లేదా, భద్రతా సవరణలు ఏ సంవత్సరం వరకు అందుతాయి. రిఫ్రిజిరేటర్‌పై నక్షత్రాలు అతికించడం సాధ్యమైనప్పుడు ఇది అసాధ్యం కానేరదు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌తో సహా కొన్ని వస్తువులపై మరమ్మతు సూచీని పదింటికి ఎన్ని మార్కులో ప్రదర్శించడం తప్పనిసరి చేశారు. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన కమిటీ సైతం ఇటువంటి సూచీపై 2025 మే నెలలో నివేదిక సమర్పించింది. అయితే అందులో తొలి విడతకు ఎంపికైనవి స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు మాత్రమే. ల్యాప్‌టాప్ వంతు ఇంకా రాలేదు.