స్వమగ్నులెవరు?

తుకుంలో గాని, చంద్రపూరులోని మరి యే పేటలో గాని, ఒక తెలుగు ఇంట నాలుగేండ్లు నిండియు మాటాడని బిడ్డ యున్నచో ఆ తల్లికి మూడు సలహాలు లభించును. మొదటిది: మగపిల్లవానికి మాట ఆలస్యముగా వచ్చును, వాని మేనమామకును అంతే. రెండవది: దిష్టి తగిలినది, తాయెత్తు కట్టించవలెను. మూడవది చదువుకొన్నవారి సలహా: ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో హిందీ, ఇంగ్లీషు, ఇన్ని భాషల నడుమ బిడ్డ తికమకపడుచున్నాడు, కనుక తెలుగు మానివేయవలెను. ఈ మూడింటిని మేము ఖండించుచున్నాము. మూడవదానిని మరింత గట్టిగా ఖండించుచున్నాము. ఏలయన తెలుగు పేరిట సంఘము కట్టుకొన్న మనమే దానిని విని తల యూపుచున్నాము.

మొదట ఆ స్థితి పేరును విచారింతము. వైద్యులు ఆటిజం అనుదానిని మరాఠీ సోదరులు స్వమగ్నత యందురు. హిందీవారు స్వలీనత యందురు. అనువాదములు రెండును సరియైనవే. గ్రీకు భాషలో ఆటోస్ అనగా తాను. తప్పు మూలముననే కలదు. స్విట్జర్లండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1911 నాటి తన గ్రంథమున ఈ పదమును స్కిజోఫ్రీనియా రోగుల నుద్దేశించి వాడెను. 1943లో బాల్టిమోరునందు లియో కానర్ పదునొకండుగురు పిల్లలను వర్ణించుచు దానినే గ్రహించెను. మరుసటి యేడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ వాడెను. ఒకరికై కుట్టిన చొక్కాను వేరొకరికి తొడిగినట్లయినది.

స్వమగ్నుడనగా తనలో తాను మునిగినవాడు. ఈ పిల్లలు అట్టివారా? ఒక బిడ్డ తల్లి చేయి పట్టుకొని నీళ్లకుండ వద్దకు లాగుకొని పోవును. ఇంకొకడు తల్లి యెదుట నిలిచి "నీళ్లు తాగుతవా?" అనును. చూచువారు నవ్వుదురు. వాడు తల్లిని ప్రశ్నించుట లేదు. తనకు నీళ్లు ఇచ్చునపుడు తల్లి యడిగిన మాటను ఉన్నదున్నట్లు దాచుకొని, దాహమైనపుడు దానితోనే ఆమెను పిలుచుచున్నాడు. ఇది తనలో మునిగినవాని లక్షణమా? చెవులు మూసికొను బిడ్డ మనుష్యులను ద్వేషించుట లేదు. మన లౌడుస్పీకరును భరింపలేకున్నాడు. ఇందలి కష్టమును మేము తక్కువ చేసి చెప్పుట లేదు. జీవితాంతము మాట రానివారును, ఒకరి తోడు లేక బ్రతుకలేనివారును వీరిలో కలరు. అయినను కష్టము వేరు, నింద వేరు.

బిడ్డ తనలో మునిగెనన్నచో ముంచినదెవరను ప్రశ్న పుట్టును. తల్లి ప్రేమ చల్లబడుటయే కారణమని పాశ్చాత్య పండితులు కొందరు తీర్పు చెప్పిరి. బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఆ వాదమునకు గ్రంథమునే వ్రాసెను. ఇట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే దానిని ఎదిరించి, కారణము శరీరమున కలదని వాదించియుండెను. 1977లో ఇంగ్లండునందు కవల పిల్లలను పరిశీలించిరి. ఏకరూప కవలలు 11 జంటలలో 4 జంటలకు ఇద్దరియందును ఆటిజం కనబడినది. తక్కిన 10 జంటలలో ఒక్కదానియందును అట్లు కనబడలేదు. జన్మతః వచ్చు కారణము ప్రబలమని నాడే తెలిసినది. మన పెరటి గోడల మీదుగా మాత్రము తల్లిపై నింద నేటికిని సాగుచున్నది.

భాష విషయమునను ఇంతే. రెండు భాషలు విని పెరుగుట వలన ఆటిజం రాదు. అందువలన ఆ పిల్లల మాట మరింత వెనుకబడుననుటకు పరిశోధనలలో ఆధారము దొరకలేదు. తల్లికి వచ్చిన భాషను మానిపించి రాని ఇంగ్లీషులో పలుకరింపుమన్నచో, ఆ యింట జోలపాట పోవును, అమ్మమ్మ కథ పోవును. "కమ్, సిట్, ఈట్" అను మూడు మాటలు మిగులును. ఉగాదినాడు వేదికపై మాతృభాషను తల్లి యని కీర్తించి, ఆ భాష అందరికంటె అవసరమైన బిడ్డనుండి దానిని లాగివేయుట యెట్టి భక్తి?

1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజం పేరే లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము దానిని గుర్తించినది. 2016 చట్టము 21 వైకల్యములలో చేర్చినది. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము ధ్రువపడిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య నేడు హక్కు. బొగ్గుగనులకు, విద్యుత్కేంద్రమునకు పనికై వచ్చిన మనవారెందరికో మరాఠీ దరఖాస్తు నింపుటయే కష్టము. ఆ పని సంఘము చేయవలెను. ఏడాదిన్నర నిండినను పేరు పిలిచినపుడు తిరిగి చూడని, వ్రేలితో వస్తువును చూపని బిడ్డను వైద్యునికి చూపుమని ఇంటింటికి చెప్పవలెను. శిక్షణ త్వరగా మొదలైన మేలు. నయము చేయు మందు ఉన్నదని అమ్మువానిని నమ్మరాదు. సభ జరుగుచోట ఒక నిశ్శబ్దమైన గదిని విడువవలెను.

సభలో అట్టి బిడ్డ కేక వేసినపుడు వెనుదిరిగి చూచి, తల్లిని బయటకు పొమ్మని కనుసైగ చేయువారము మనము. మన పాటలు, మన ప్రసంగములు, మన పూలదండలు తప్ప వేరొకటి కనబడనివారమును మనమే. స్వమగ్నత యను పేరు ఎవరికి తగునో చదువరులే నిర్ణయింతురు గాక.