బీరువాలోని టెలిస్కోపు బయటికి రావాలి

ఈ వారం మా వాట్సాప్ గ్రూపులోకి చంద్రుడి ఫొటోలు రెండు వచ్చాయి. ఒకటి మిత్రుడొకరు లక్ష రూపాయల ఫోనుతో నూరు రెట్లు జూమ్ చేసి తీసింది. రెండోది జనగామ జిల్లాలో సర్కారు బడిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి తీసింది. సారు తెచ్చిన చిన్న టెలిస్కోపు, అమ్మ దగ్గర అడిగి తెచ్చుకున్న ఫోను, అంతే ఆమె సరంజామా. మొదటి ఫొటోకు ఒకటే చప్పట్లు. రెండోదాని కింద ఒక పెద్దమనిషి "మసకగా ఉంది, ఇంకా ప్రాక్టీస్ చెయ్యాలి" అని రాశారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ రెండింటిలో మెచ్చుకోవాల్సింది అమ్మాయి ఫొటోనే.

2023 మార్చిలో రెడిట్‌లో ఒకాయన అలాంటి శామ్‌సంగ్ ఫోనుకే ఒక పరీక్ష పెట్టాడు. చంద్రుడి బొమ్మను కావాలనే మసకబార్చి, వివరాలేవీ మిగలకుండా చేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి, లైట్లార్పి దూరం నుంచి ఫొటో తీశాడు. తెర మీద లేని బిలాలు ఫోన్లో ప్రత్యక్షమయ్యాయి. తమ కెమెరా చంద్రుణ్ణి గుర్తుపట్టి, కృత్రిమ మేధతో వివరాలను మెరుగుపరుస్తుందని కంపెనీ కూడా వివరించింది. చంద్రుడు ఎప్పుడూ మనకు ఒకే ముఖం చూపిస్తాడు కాబట్టి యంత్రానికి అది తేలికే. నా మిత్రుడి ఫొటోలో ఆకాశం నుంచి వచ్చిందెంత, ఫోను ముందే నేర్చుకుని ఉన్నదెంత? ఆయన చెప్పలేరు.

అమ్మాయి ఫొటోలో అలాంటి అనుమానానికి తావే లేదు. అష్టమి నాటి చంద్రుడు. వెలుగు చీకటిలో కలిసే గీత పక్కన టాలెమీ, అల్ఫోన్సస్, అర్జాకెల్ బిలాలు మూడూ ఒకదాని కింద ఒకటి, లోపల నల్లటి నీడలతో. అంచున సన్నటి ఊదారంగు పొర ఉంది, తక్కువ ధర కటకం అన్ని రంగుల్నీ ఒక్కచోటికి చేర్చలేదు కాబట్టి. టెలిస్కోపు చివరి వంపులో అద్దం ఉండడంతో కుడి ఎడమలు తారుమారయ్యాయి. ఫోను, కన్ను పెట్టి చూసే ఐపీస్ నడిమికి సరిగా రాక ఒక పక్క నల్లగా కోసుకుపోయింది. ఈ లోపాల్లో ప్రతి ఒక్కటీ ఆ వెలుతురు నిజంగా ఆ గొట్టంలోంచే వచ్చిందని సాక్ష్యం చెబుతుంది.

టెలిస్కోపుకు ఫోను పెట్టి ఫొటో తీయడం వినడానికి సులువు, చేస్తే గానీ కష్టం తెలియదు. ముందు 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి కంటితో చూస్తూ ఫోకస్ కుదుర్చుకోవాలి. తర్వాత ఫోను మెయిన్ కెమెరాను ఐపీస్ మీదికి తేవాలి. రెండు మూడు కెమెరాలున్న ఫోన్లు అడక్కుండానే ఒకదాని నుంచి ఇంకోదానికి మారిపోతుంటాయి. చుట్టూ చీకటి చూసి ఫోను వెలుతురు పెంచేస్తుంది, చంద్రుడు ఉత్త తెల్ల బిళ్ల అవుతాడు. అప్పుడు తెర మీద చంద్రుడి దగ్గర వేలు నొక్కి పట్టి, లాక్ పడ్డాక పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగాలి. బిలాలు ఒక్కొక్కటే తేలుతాయి. మూడు సెకన్ల టైమర్ పెడితే వేలి అదురు తగలదు. ఈలోగా చంద్రుడు పక్కకు జారిపోతాడు. భూమి తిరుగుడు వల్ల తన వెడల్పంత జరగడానికి చంద్రుడికి రెండు నిమిషాలు చాలు. భూభ్రమణం గురించి పుస్తకంలో చదివిన పిల్ల, గొట్టాన్ని చేత్తో జరుపుకుంటూ దాన్ని స్వయంగా తెలుసుకుంటుంది.

గురు గ్రహం దగ్గర ఇంకా గొప్ప పాఠం ఉంది. వెలుతురు బాగా తగ్గిస్తే గురుడి మీది పట్టీలు రెండూ లీలగా కనబడతాయి గానీ చందమామలు మాయమవుతాయి. పెంచితే పెద్ద చందమామలు నాలుగూ వరుసగా తేలతాయి, గురుడు తెల్లబారిపోతాడు. రెండూ కావాలంటే రెండు ఫొటోలు తీయాల్సిందే. మర్నాడు మళ్లీ తీస్తే ఆ వరుస మారిపోయి ఉంటుంది, ఎందుకంటే ఆ నాలుగింటిలో అన్నిటికంటే లోపలున్న అయో గురుణ్ణి నలభై రెండున్నర గంటల్లో చుట్టేస్తుంది. 1610 జనవరిలో గెలీలియో కాగితం మీద గీసుకున్నది ఈ మార్పునే. నాలుగు శతాబ్దాల కిందటి ఆ పనిని మానుకోట పిల్లవాడు తన డాబా మీద, తన చేత్తో మళ్లీ చేయగలడు. ఫోను పిల్లల్ని పాడుచేస్తోందని రోజూ వాపోయే మనం, అది ఇంత పనికొచ్చే చోటు ఒకటుందని వాళ్లకు ఎందుకు చూపించం?

నా అసలు బాధ ఇక్కడే ఉంది. ఎనిమిదో తరగతిలో నక్షత్రాలు, సౌరకుటుంబం పాఠం ఉంది. పదో తరగతిలో కటకాలున్నాయి. పిల్లలు కిరణ చిత్రాలు గీసి మార్కులు తెచ్చుకుంటారు, టెలిస్కోపులోకి తొంగి చూడకుండానే బడి దాటిపోతారు. నేను తిరిగిన బడుల్లో టెలిస్కోపు ఉన్నచోట కూడా అది బీరువాలోనే ఉంది. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన వస్తువు, పగిలితే జవాబు ఎవరు చెప్పాలన్న భయం. పైగా బడి సాయంత్రానికి మూతపడుతుంది, ఆకాశం తెరుచుకునేది ఆ తర్వాతే. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం మన నెత్తి మీదే జరిగింది. టీవీల్లో ఏ రాశికి ఏ ఫలితమో గంటల తరబడి చెప్పారు. మబ్బు లేనిచోట పిల్లల్ని ఆరుబయటికి తీసుకొచ్చి చూపించిన బడులెన్ని?

ఆకాశాన్ని ఫొటో తీయడం మన గడ్డకు కొత్త కాదు. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన నిజామియా వేధశాల, ప్రపంచ దేశాలు కలిసి చేసిన ఆకాశ పటంలో పాలుపంచుకుంది. గాజు పలకల మీద తీసిన ఫొటోల నుంచి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను లెక్కగట్టింది. ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు తండ్రి పనిచేసింది అక్కడే. ఆ వేధశాల ఉన్న బేగంపేటను నగరం మింగేస్తే, ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి శాస్త్రవేత్తలు అక్కడికి తరలివచ్చారు. ఆ తర్వాత నగరపు వెలుతురు అక్కడికీ పాకింది, ఆలనా పాలనా కొరవడింది, అంత పెద్ద పరికరం ఏళ్ల తరబడి మూలన పడింది.

ఆ వెలుతురు ఇప్పుడు జిల్లాలకూ వచ్చేసింది. చంద్రుడికీ గురుడికీ వీధిలైట్లు పెద్దగా అడ్డు కావు, ఒప్పుకుంటాను. పాలపుంతకు మాత్రం అడ్డే. జనగామ పట్టణంలో ఇవాళ పాలపుంత చూసిన పిల్లవాడు దొరకడు. భూపాలపల్లి వైపు ఓపెన్‌కాస్ట్ గనుల ఫ్లడ్‌లైట్లు, చెల్పూరు థర్మల్ కేంద్రం వెలుగులు. ఇక ఊరూరా హైమాస్ట్ లైటు పెట్టించడం నాయకులకు గొప్ప. ఒక్కోదానికి లక్షలు పోస్తున్నారు, ఆ కాంతిలో కొంత దారి మీద పడకుండా పక్కలకూ పైకీ పోతోంది. కాంతి కిందికే పడేలా రేకు టోపీ పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? కొత్తగూడ, గంగారం, మహదేవపూర్ అడవి పల్లెల్లో చీకటి ఇంకా చీకటిగానే ఉంది. అభివృద్ధి పేరు చెప్పి దాన్నీ పోగొట్టొద్దు. దారికి దీపం కావాలి, ఆకాశానికి అక్కర్లేదు.

జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల విద్యాధికారులకు, సైన్స్ టీచర్లకు నా విన్నపం ఒక్కటే. గురుకులాలతో, కస్తూర్బా విద్యాలయాలతో మొదలుపెట్టండి, అక్కడ పిల్లలు రాత్రిపూట కూడా ఉంటారు. శుక్లపక్ష సప్తమి నుంచి దశమి దాకా చంద్రుడు పొద్దుగూకేసరికే పైన ఉంటాడు, భోజనాల వేళకు పని ముగిసిపోతుంది. పగలు సూర్యుడి వైపు మాత్రం గొట్టం తిప్పనివ్వకండి, క్షణంలో కన్ను పోతుంది. టెలిస్కోపు పగిలితే పిల్లల మీదా టీచర్ మీదా రికవరీ ఉండదని అధికారులు ఒక్క కాగితం ముక్క రాసివ్వండి. వచ్చే సప్తమికి తాళం తీయండి. ఫొటోలు మసకగా వచ్చినా సరే, తీసిన పిల్లల పేర్లు రాసి నోటీసు బోర్డు మీద అంటించండి.